పై అంతస్తు వాటా

"ఇంకాస్త పెంచమ్మాయ్, వాసన పైకి పోవడం లేదు" అంది కుల్యాష్, మూకుట్లో రొట్టె తిరగేస్తూ.

కోడలు ఐనాష్ చిమ్నీ మీట చివరిదాకా తిప్పింది. వంటిల్లంతా రొద, పై అంతస్తుదాకా వినిపించేంత. శుక్రవారం కదా, పోయినవాళ్ళ పేరున షెల్పెక్ రొట్టెలు నూనెలో వేయించి ఆ వాసన వాళ్ళకి అందేలా చూడాలి. కానీ అత్తగారి ధ్యాసంతా పైలోకం మీద కన్నా పై అంతస్తు మీదే ఉందని ఐనాష్ కాపురానికొచ్చిన కొత్తల్లోనే కనిపెట్టేసింది.

కాసేపటికి తలుపు చప్పుడైంది. పై అంతస్తు సార్సెన్‌బాయ్. రైళ్ళు నడిపి రిటైరైన మనిషి, భార్య పోయాక ఒంటరిగా ఉంటున్నాడు. గుమ్మం బయటే నిలబడి ముఖం చిట్లించాడు.

"మళ్ళీ మొదలెట్టావా కుల్యాష్? నీ మూకుడు వాసనకి ఇంట్లో కూర్చోలేకపోతున్నాను."

"మీ ముక్కుదాకా వచ్చిందంటే అందులో మీ వాటా ఉన్నట్టే. రండి, చల్లారిపోతుంది."

అది తాతల నాటి మాట. పొయ్యి మీది వాసన పొరుగింటికి చేరితే పొరుగువాడికి ఓ ముద్ద పెట్టి తీరాలి. వాడు తిని తీరాలి. సార్సెన్‌బాయ్ ఇక తప్పదన్నట్టు బూట్లు విప్పి బల్ల ముందు కూర్చున్నాడు. తను తింటూ "నువ్వూ తిను, ఒక్కణ్ణీ తింటే దిష్టి కొడుతుంది" అని కుల్యాష్ చేత కూడా తినిపించాడు. తిన్నాక రెండు చేతులూ చాచి ఇంటిని దీవించి వెళ్ళాడు.

ఇతరత్రా ఆయన మహా పట్టుదల మనిషి. ఎవరైనా పళ్ళెం పట్టుకెళ్తే గుమ్మంలోంచే తిప్పి పంపేసేవాడు. అందుకే కుల్యాష్ శుక్రవారమే కాదు, మాంసం వండినప్పుడల్లా చిమ్నీని హోరెత్తించేది. ఒకసారి ఐనాష్ రొట్టెలు బొగ్గులా మాడ్చేస్తే పెద్దాయన వాటినీ లొట్టలేసుకుంటూ తిన్నాడు. మర్యాద తెలిసినవాడని కుల్యాష్ మురిసిపోయింది. భర్త పోయిన కొత్తల్లో ఆవిడ టీ, ఎండు రొట్టెతోనే రోజులు వెళ్ళదీసేదట. శుక్రవారం తప్పితే పొయ్యి వెలిగించేదే కాదట. పైఆయన గొడవ మొదలయ్యాకే ఇంట్లో వంట మళ్ళీ దారిన పడిందని ఐనాష్ భర్త చెప్పేవాడు. కుల్యాష్ మాత్రం "నాకోసమా ఏంటి, ఆ మొండివాడి కడుపు నింపొద్దూ" అనేది.

చలికాలం మొదలవుతుండగా గ్యాసు తనిఖీకి ఎర్బోల్ అనే అతను వచ్చాడు. చిమ్నీ జాలీ తీసి చూసి, జిడ్డు లేకుండా ఉందని మెచ్చుకున్నాడు. వారం వారం సోడా వేసిన వేణ్ణీళ్ళలో నానబెట్టి కడుగుతానని ఐనాష్ గర్వంగా చెప్పింది. జిడ్డు పట్టిన జాలీకి మూకుట్లోంచి మంట ఎగిసి అంటుకుంటే ఇల్లే కాలుతుందని ఆమె భయం. కానీ అతను చిమ్నీ వెనక గొట్టం ఎటు పోతోందో చూడగానే ముఖం మార్చేశాడు. అది అన్ని అంతస్తులకీ ఉమ్మడిగా గోడలో ఉన్న గాలి దారిలోకి పోతోంది.

"మీరు ఫ్యాను వేసినప్పుడల్లా పొగ ఆ దారిని నింపేస్తుంది. పైవాళ్ళ గ్యాసు గీజరు పొగకి బయటికి దారుండదు, వాళ్ళ వంటింట్లోకే తిరిగొస్తుంది. అందులోని విషవాయువుకి రంగూ ఉండదు, వాసనా ఉండదు. చలికి కిటికీలు మూసుకుని పడుకున్నవాడు మళ్ళీ లేవడు."

అతను వెళ్ళాడు. కిటికీ తెరిచి ఉంచుకోమని పైఆయనకి చెబితే చాలదా అంది కుల్యాష్. గొట్టం మారిస్తే వాసన పైకి పోదు. వాసన పోకపోతే ఆ మనిషి రాడు. రాకపోతే ఈ చలికాలమంతా ఏం తింటాడు?

"తిండి పెడుతున్నామనుకుంటూ ప్రాణం తీస్తామా అత్తయ్యా?" అంది ఐనాష్.

అత్తగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా మర్నాడు మేస్త్రీని పిలిపించింది ఆవిడే. బయటి గోడకి కన్నం పెట్టించి గొట్టాన్ని పెరటి వైపు తిప్పించారు. పాత కన్నానికి గాలి ఆడే జాలీ బిగించారు.

శుక్రవారం వచ్చింది. కుల్యాష్ ఎప్పటికన్నా ఎక్కువ పిండి కలిపింది. చిమ్నీ హోరెత్తింది. వాసనంతా పెరట్లోకి పోవడంతో అక్కడ ఆడుకునే పిల్లలు తలలెత్తి కిటికీ వైపు చూశారు. రొట్టెలు బల్ల మీద గుట్టగా పేరాయి. కుల్యాష్ పళ్ళెం సర్దుతూ, గుడ్డ కప్పుతూ, తీస్తూ, తలుపు వైపే చూస్తూ కూర్చుంది. ఎవరూ తట్టలేదు. తనూ ఒక్క ముక్క ముట్టలేదు.

ఐనాష్ చూడలేకపోయింది. ఈ పాపమంతా నాదే అనుకుని, పళ్ళెం తీసుకుని మెట్లెక్కింది. తిప్పి పంపితే కాళ్ళు పట్టుకునైనా తినిపించాలని నిశ్చయించుకుంది.

తలుపు తీసింది ఎవరో ముసలావిడ. సార్సెన్‌బాయ్ చెల్లెలు ఉల్బాలానని, పొద్దున్నే తరాజ్ నుంచి రైల్లో దిగానని, తనకోసం మాంసం తేవడానికి అన్నయ్య బజారుకెళ్ళాడని చెప్పింది. ఐనాష్ పళ్ళెం ఆవిడ చేతిలో పెట్టి, గొట్టం సంగతంతా గడగడా చెప్పేసింది. ఇక మీదట వాసన పైకి రాదనీ, వాసన రాకపోయినా వాటా మాత్రం ఆయనదేననీ, ఎప్పటిలాగే దిగి రమ్మని చెప్పమనీ బతిమాలింది.

ఉల్బాలా అయోమయంగా చూసింది.

"మా అన్నయ్యకి పుట్టినప్పటి నుంచీ వాసన తెలియదమ్మా."