కిటికీ బయటి నాన్న

స్లైడు మీద కూతురి పేరు రాసింది అతనే. రంగు వేసిందీ, మంట మీద వేడి చేసిందీ, కడిగి ఆరబెట్టిందీ అతనే. మైక్రోస్కోపుకి కన్ను ఆనించాడు. నీలం మీద సన్నటి ఎర్రటి పుల్లలు. లెక్కపెట్టడానికి వీల్లేనన్ని.

పద్నాలుగేళ్లుగా అతనికి అదే పని. క్షయ ఆస్పత్రిలో ల్యాబు టెక్నీషియను. పొద్దున తలుపు తీసేసరికి నలభై మంది కఫం డబ్బాలు బల్ల మీద ఉంటాయి. ఆ పుల్లల్ని చూసి క్షయ అని తేల్చడానికి అతనికి క్షణం పట్టదు. ఈసారి మాత్రం మూడు స్లైడులు వేసుకుని చూశాడు. అది పాప మెడ గడ్డలోంచి తీసిన చీము. పాపకింకా ఐదేళ్లు నిండలేదు.

రెండేళ్ల కిందట బాబు పోయిందీ ఇలాగే. మెడలో గడ్డలు, విడవని జ్వరం, చూస్తూ చూస్తూ ఉండగానే ఎముకల గూడైపోవడం. అప్పుడు భార్య గుండెలు బాదుకోలేదు. గిన్నెలు తోముతూ, తల ఎత్తకుండా ఒకే ఒక్క మాట అంది.

"మీరే తెచ్చారు. ఒంటి మీద వేసుకుని ఇంటికి తెచ్చారు."

అతనికీ లోపల అదే అనుమానం. ఆ రోజు నుంచి బయటే బట్టలు విప్పేసి, స్నానం చేశాకే గడప తొక్కేవాడు. అంత చేసినా పాపకూ వచ్చింది.

మందులు మింగించారు. పాపకు వాంతులయ్యాయి తప్ప గడ్డలు కరగలేదు. పెద్దాస్పత్రిలో పిల్లల డాక్టరమ్మ ఏవేవో రక్తపరీక్షలు చేయించి, మొగుడూ పెళ్లాలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పింది. పాప ఒంట్లో కాపలా కణాలైతే ఉన్నాయట, వాటిని తట్టి లేపే సంకేతమే పుట్టుకతో లేదట. తల్లి నుంచి సగం, తండ్రి నుంచి సగం వచ్చిన లోపం. బాబుకూ అదే అయి ఉంటుందంది. ఎముకల్లోని మూలుగ మార్చాలి, దానికి ముందు జబ్బు అదుపులోకి రావాలి. ఏ మందుకు లొంగుతుందో తేల్చడానికి చీమును దూరంగా ఉన్న పెద్ద ల్యాబుకు పంపుతున్నామనీ, జవాబు రావడానికి నెలలు పడతాయనీ చెప్పింది. ఈలోగా క్షయ రోగుల గాలి కూడా పాపకు సోకకూడదని ఒకటికి రెండుసార్లు హెచ్చరించింది.

ఆ సాయంత్రమే అతను రెండు జతల బట్టలు సంచిలో కుక్కుకుని ఇంట్లోంచి బయటపడ్డాడు. ఉద్యోగం మానేస్తే మందులు ఎవరు కొనాలి? పక్క వీధిలో మేడ మీద చిన్న గది తీసుకున్నాడు. తన కఫం తనే పరీక్షించుకున్నాడు. ఏమీ కనబడలేదు. ఎక్స్‌రేలోనూ ఏమీ లేదు. అయినా నమ్మకం కుదరలేదు. ఎక్కడో నక్కి ఉంటుందనుకున్నాడు.

రోజూ డ్యూటీ దిగగానే వచ్చి సందులో, కిటికీ బయట నిలబడేవాడు. అద్దం మూసే ఉంచేవారు. కాస్త గొంతు పెంచితే మాటలు వినబడేవి. పాప పాత క్యాలెండరు కాగితాన్ని గొట్టంలా చుట్టి, దాంట్లోంచి ఒంటికన్నుతో తండ్రిని చూసేది. తండ్రి ఏం పని చేస్తాడో దానికి బాగా తెలుసు.

"ఇవాళ నీ మీద తొమ్మిది ఉన్నాయి నాన్నా. లోపలికి రాకు."

"నిన్న పదకొండన్నావు కదే?"

"రెండు చచ్చిపోయాయి."

సందులో పోయేవాళ్లు వింతగా చూస్తున్నా అతను పట్టించుకోకుండా నవ్వేవాడు. గదికి చేరేదాకా కూడా ఆ నవ్వు నిలిచేది కాదు.

అలా ఏడు నెలలు. గడ్డలు పగిలాయి, కొత్తవి లేచాయి. పాప కూర్చోలేని స్థితికి వచ్చింది. తల్లి దాని వీపు వెనక రెండు దిండ్లు పెట్టి కిటికీ వైపు తిప్పేది. ఆమె కూడా ఈ మధ్య అతనితో మెత్తగానే మాట్లాడుతోంది.

ఒక రోజు పాప గొట్టం ఎత్తి చాలాసేపు చూసింది. గొట్టం జారిపోకుండా తల్లి పట్టుకుంది.

"ఒక్కటీ లేదు. లోపలికి రా నాన్నా."

భార్య కిటికీ దగ్గరికి వచ్చింది. "రండి. ఒక్కసారి ఎత్తుకోండి. దాని ఒళ్లు మీకు గుర్తుందా అసలు?"

అతను సందులోంచి ముందు వైపుకు వెళ్లి తలుపు గడియ మీద చెయ్యి వేశాడు. పొద్దున ఆ చేత్తోనే నలభై డబ్బాల మూతలు తీశాడు. ఇంకా ఎక్కడో ఆశ చావలేదు. ల్యాబు నుంచి జవాబొస్తుంది, సరైన మందు దొరుకుతుంది, అప్పటిదాకా తన చేతులారా ఇంకో క్రిమిని ఎక్కించకపోతే చాలు. చెయ్యి వెనక్కి తీసుకుని మళ్లీ సందులోకి వచ్చాడు.

"రేపు ఇంకోసారి చూసి చెప్పు తల్లీ."

"నేను సరిగ్గానే చూశా," అని పాప గోడ వైపు తిరిగి పడుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం, అతను డ్యూటీలో ఉండగా కబురొచ్చింది. అప్పుడు వెళ్లాడు లోపలికి. ఎత్తుకున్నాడు. ఏడు నెలల్లో బరువు సగమైంది.

మూడు వారాల తరువాత డాక్టరమ్మ ఇద్దర్నీ రమ్మంది. ల్యాబు రిపోర్టు ఆమె చేతిలో ఉంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. ఇక ఏ మందు పని చేసేదో తెలిస్తే మాత్రం ఏం ఒరుగుతుందని అతను అడిగాడు. ఆమె కాగితాన్ని బల్ల మీద అతని వైపు జరిపి, చూపు దించుకుంది.

"పాప ఒంట్లో ఉన్నది క్షయ క్రిమి కాదండీ, మట్టిలో, నీళ్లలో అందరిళ్లలోనూ ఉండేదే, మైక్రోస్కోపులో అచ్చం అలాగే కనిపిస్తుంది గానీ మనిషి నుంచి మనిషికి అంటదు."