సుబ్బరావమ్మ బక్కెట్

డాక్టరమ్మ బయటికి తీసిన దూది నీలంగా ఉంది.

“చూశావా మహిమా? నీ మూత్రపు తిత్తిలోకి ఎక్కించిన రంగు ఇది. కింది దారిలోకి వచ్చేసింది. రెంటికీ మధ్య చిల్లి పడింది. ఫిస్టులా అంటారు. గర్భసంచి తీసేటప్పుడు ఎక్కడో ఒకరికి ఇలా అవుతుంది.”

మహిమ మొహం తిప్పేసుకుంది. భూమి చీలితే బాగుండనిపించింది. రెండేళ్ళుగా చర్చిలో గుమ్మం పక్కనే కూర్చుని, ప్రార్థన కాగానే అందరికంటే ముందు లేచి వచ్చేస్తోంది. మొగుడికి తప్ప ఈ సంగతి పిట్టకి కూడా తెలియదు.

“రెండేళ్ళు మూత్రం కారుతుంటే పనిలో ఎవరూ కనిపెట్టలేదా?” డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది.

“మిరపకాయల పనండీ. ఆ ఘాటులో ఏ వాసనా తెలవదు.”

“మరి తడి?”

మహిమకి ఒళ్ళు మండుకొచ్చింది. “మా మేస్త్రి సుబ్బరావమ్మ ఉందిగా, మహాతల్లి! తొడిమలు తీసేముందు కాయలు విరక్కుండా నీళ్ళు చల్లుద్దండి. కాయల మీద చారెడు, నా చీర మీద సగం బక్కెట్! ఇరవై మంది ఆడోళ్ళలో దానికి నేనే దొరికా. నిన్న పట్టలేక, నీ చేతులు పడిపోనని అందరి ముందూ శాపనార్థాలు పెట్టొచ్చా.”

“ఆవిడేమంది?”

“ఏమంటది? కిక్కురుమనలా. సిగ్గుంటేగా!”

ఆపరేషన్ అయింది. చిల్లి పూడింది. మూడు నెలల తర్వాత, కడుపులో గడ్డ తీయించుకున్నానని అందరికీ చెప్పి మహిమ మళ్ళీ వినుకొండ రోడ్డు షెడ్డులో పనికి కూర్చుంది. మాటిమాటికీ కుచ్చిళ్ళు తడిమి చూసుకుంది. పొడిగా ఉన్నాయి. ఏడుపొచ్చినంత పనైంది.

సుబ్బరావమ్మ బక్కెట్ ఎత్తుకుని రానే వచ్చింది. మహిమ చీర దగ్గరికి లాక్కుని, తిట్టు నోట్లో సిద్ధంగా పెట్టుకుంది.

సుబ్బరావమ్మ ఒక్క క్షణం మహిమ కూర్చున్న పట్టా వంక చూసింది. వంగి, కాయల మీద మాత్రం నీళ్ళు చిలకరించింది. మహిమ మీద చుక్క పడలేదు.

“ఏందత్తా, నిజంగానే చేతులు పడిపోయినయ్యా? ఇయ్యాల నా మీద పొయ్యలేదే!” అంది మహిమ, పదిమందికీ వినపడేలా.

సుబ్బరావమ్మ అటూ ఇటూ చూసి, ఆమె చెవి దగ్గరికి వంగింది.

“నీ తడి నా నీళ్ళతో కప్పే పని ఇంక లేదుగా, పిల్లా.”