ఆగిన చోట

ఆ ఆదివారం కూడా సాక్సోఫోన్ చరణం చివరి మాట దగ్గర ఆగిపోయింది.

పాటలో ప్రతి చరణానికీ అంతే. బృందం "కాపరీ" అని పాడేసి ముందుకు పోతుంది. వెనక గోడ దగ్గర నిలబడ్డ యేసుప్రసాద్ ఆ ఒక్క మాటా వాయించడు. కాసేపు ఆగి, ఆలస్యంగా అందుకుంటాడు.

ముందు వరుసలో ఆడపిల్లలు నవ్వు ఆపుకున్నారు.

లేవి మాస్టారి చేయి గాలిలోనే బిగుసుకుంది. వారమంతా ఆయన కోడుమూరు బడిలో లెక్కలు చెబుతాడు. ఆదివారం చర్చిలో పాటలు నడిపిస్తాడు.

ఆరాధన అయ్యాక, బృందంలో పాడే స్తుతి దగ్గరికొచ్చింది.

"సార్, ఆయప్పకు పాట రాదా, నడుమ నిద్రపోతాడా?"

"బెంగుళూరు హోటళ్లలో ఇరవై ఏండ్లు జాజ్ వాయించినాడంట."

"ఆడ అందరూ తింటాంటారు. ఎవరింటారులే సార్!"

లేవి నవ్వలేదు.

యేసుప్రసాద్ భార్యది ఈ ఊరే. ఆమె సమాధి చర్చి వెనకే ఉంది. అతను కర్నూలులో పిల్లలకు సాక్సోఫోన్ నేర్పుతూ, ఆదివారం మొదటి బస్సుకు వచ్చేవాడు. ముందుకు రమ్మంటే, "ఈడే బాగుండాది సార్" అనేవాడు.

ఆ వెనక గోడ దగ్గరున్నది ఒక్కటే కుర్చీ. అందులో లేవి తల్లి భీమమ్మ.

పక్షవాతం వచ్చి రెండేళ్లు. కాలు కొంచెం స్వాధీనంలోకి వచ్చింది. మాట రాలేదు.

రోజూ బడి నుంచి రాగానే లేవి ఆమె ముందు కూర్చునేవాడు.

"నేనెవరు అమా? నా పేరు చెప్పు."

పెదవులు వణికేవి.

"ఒక్కసారి చెప్పమా. నాకింకేమీ వద్దు."

అయిదు నిమిషాలు చూసేవాడు. ట్యూషన్ పిల్లలొచ్చారని లేచేవాడు.

జనం వెళ్లిపోయాక లేవి వెనక గోడ దగ్గరికి నడిచాడు.

"ఏమప్పా, ఎన్నిసార్లు చెప్పాల? పాట ఎవరి కోసమూ ఆగదు."

"ఇంగ కొన్ని వారాలు ఓర్చుకోండి సార్."

"అప్పటికి తాళమొస్తాదా నీకు?"

"ఒకరికి మాటిచ్చినా. అంతకు మించి చెప్పకూడదు సార్."

"నీ గుట్లు నాకొద్దు. హోటల్లో ఎట్ల వాయించినా చెల్లుతాది. ఇది దేవుని సన్నిధి. వచ్చే వారం నుంచి రావద్దు."

యేసుప్రసాద్ సాక్సోఫోన్ తుడిచి పెట్టెలో పెట్టాడు. కుర్చీ ముందు వంగి, "పోయొస్తామ్మా" అన్నాడు.

భీమమ్మ అతని చొక్కా చేయి పట్టుకుంది. వదల్లేదు.

ఆ వేళ్లను ఒక్కొక్కటే విడదీసింది లేవే.

తర్వాతి ఆదివారం పాట ఎక్కడా తడబడకుండా సాగింది. బాగుందని అందరూ అన్నారు. భీమమ్మ గోడవైపు తిరిగి కూర్చుంది.

ఆపైన ఆమె చర్చికి రానని తల అడ్డంగా ఊపింది. పేరు చెప్పమంటే పెదవులు కూడా కదల్లేదు. నెల తిరక్కుండా మళ్లీ పక్షవాతం వచ్చింది. ఈసారి లేవలేదు.

సమాధి చేసేటప్పుడు ప్రహరీ అవతల యేసుప్రసాద్ పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. లేవి చూశాడు. పిలవలేదు.

భీమమ్మ జ్ఞాపకార్థం పెట్టిన ఆదరణ కూడికకు ముందురోజు స్తుతి ఫోను తీసుకుని ఇంటికొచ్చింది.

"ఆరాధన వీడియోలు సార్. ఫోను వెనక కిటికీలో పెడతాంటి కదా, అవ్వ ఉండేది దొరికింది. ఆయప్పను మీరు వద్దన్న దినానిది."

మొహం సరిగా కనబడలేదు. కుర్చీ వీపు, తెల్లజుట్టు, పక్కన సాక్సోఫోన్.

బృందం "కాపరీ" అని పాడేసి వెళ్లిపోయింది. సాక్సోఫోన్ ఆగింది.

ఆ ఖాళీలో, అరిగిపోయిన గొంతు ఒకటి.

"కా... ప... రీ."

అది పూర్తయ్యాకే సాక్సోఫోన్ కదిలింది.

ప్రతి చరణానికీ అంతే.

లేవి ఫోను చెవికి ఆనించుకున్నాడు. ఆరాధన ముగిసి జనం లేస్తున్న చప్పుడు. దాని కింద యేసుప్రసాద్ గొంతు.

"పాటలో మాట వచ్చేసింది కదమ్మా. ఇంగ నీ కొడుకు పేరు. మొత్తం వచ్చేదాకా ఆయనకు చెప్పను, ఒట్టు. తొందరేం లేదు, నేనాగుతా."

సాక్సోఫోన్ మెల్లగా రెండు స్వరాలు పలికింది, మొదటి స్వరానికి భీమమ్మ "లే..." అంది, రెండోదాని కోసం యేసుప్రసాద్ వీడియో అయిపోయేదాకా ఆగే ఉన్నాడు.