వెనక బెంచీలో పాట

రెండో చరణం మధ్యలో పాటల మాస్టారు కీబోర్డు మీంచి చేతులు తీసేశాడు.

చర్చి అంతా ఆగింది. వెనక బెంచీలో ఒక్క గొంతు మాత్రం ఆగలేదు.

శ్రుతి ఒక దారి, తాళం ఒక దారి, ఆ గొంతుది మరో దారి. పక్కన కూర్చున్న మాస్టారి భార్య చెయ్యి పట్టుకున్నాక గానీ ఆ పాట ఆగలేదు.

ఆ పాడినావిడ కొత్త మనిషి. యాభై దాటి ఉంటాయి. ఈ మధ్యే చెల్లెలి ఇంటికి వచ్చి ఉంటోందట. అంతకు మించి ఎవరికీ తెలీదు.

అందరూ ఆగినా ఈవిడొక్కతే ఎందుకు ఆగదో మాస్టారికి అర్థం కాలేదు.

మాస్టారికి పాటంటే ప్రాణం. అది దేవుడిచ్చిన తలాంతు, అంటే వరం, అందులో ఒక్క అపస్వరం కూడా దొర్లకూడదని ఆయన పట్టుదల. కళ్లు మూసుకుని వాయిస్తాడు. చెవులు మాత్రం పాము చెవులు.

ఆయన దిగులల్లా భార్య గురించే. ఒకప్పుడు ఆ చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. పసిబిడ్డ పోయిన దగ్గర్నుంచి పాటకి నోరు విప్పలేదు. ముందు వరస వదిలేసి వెనక మూలకి చేరింది.

"బైబిల్లో తలాంతుని వాడకుండా భూమిలో దాచినవాడికి ఏమైందో తెలుసుగా?" అని మాస్టారు ఎన్నోసార్లు చెప్పి చూశాడు. గోడకి చెప్పినట్టే అయింది.

అలాంటిది ఈ మధ్య ఏదో జరిగింది. గిన్నెలు కడుగుతూ ఆవిడ సన్నగా కూనిరాగం తీసింది. మాస్టారు తలుపు చాటున నిలబడి విన్నాడు. కళ్లనీళ్లు ఆగలేదు.

"ప్రభువా, నా ప్రార్థన విన్నావు" అనుకున్నాడు. ఆ ఘనతలో పాస్టరుగారి ప్రసంగాలకి కూడా కాస్త వాటా ఇచ్చాడు.

ఇంత మంచి రోజుల్లో పంటికింద రాయిలా ఈ కొత్తావిడ గొంతు!

ఆరాధన అయ్యాక వరండాలో ఆవిణ్ణి ఆపాడు.

"అమ్మా, మరోలా అనుకోకండి. ఇక మీదట మీరు మనసులో పాడుకుంటే బాగుంటుంది."

ఆవిడ రెప్ప వెయ్యకుండా ఆయన మూతి వైపే చూసింది. ఆయనకి ఇబ్బందిగా అనిపించి మీసం తడుముకున్నాడు.

"మనసులోనా?"

"అవునమ్మా. దేవుడికి మనసు వినపడుతుంది."

"నిజమే మాస్టారూ. కానీ ఇక్కడ ఆయనొక్కడే లేడుగా!"

నవ్వి వెళ్లిపోయింది. ఆ మాటకి అర్థమేమిటో మాస్టారు ఇంటికి వెళ్లేదాకా ఆలోచించినా తేలలేదు.

మరుసటి ఆదివారం ఆవిడ రాలేదు.

పాట వెన్నలా సాగింది. అయినా ఏదో వెలితి. శ్రుతి సరిగ్గానే ఉంది, తాళం సరిగ్గానే ఉంది. మరి తగ్గిందేమిటి? మాస్టారు బుర్ర గోక్కున్నాడు.

ఆ సాయంత్రం వంటింట్లోంచి గిన్నెల చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. వారమంతా అంతే. తర్వాతి ఆదివారమూ అంతే.

మాస్టారికి భయం పట్టుకుంది.

"మళ్లీ ఏమైంది నీకు? బాగానే పాడుతున్నావు కదా!"

"ఎవరి కోసం పాడను?"

"దేవుడి కోసం!"

"ఆయనకి మనసు వినపడుతుందని వరండాలో ఆవిడతో అన్నారుగా, విన్నాను."

మాస్టారు పీట లాక్కుని భార్య ఎదురుగా కూర్చున్నాడు.

"ఆవిడకి చెవులు వినపడవండీ" అంది భార్య.

"ఎవరికి?"

"మీరు పాడొద్దన్నావిడకి. మొదటి రోజే నా పక్కన కూర్చుని, 'పాట ఎక్కడిదాకా వచ్చిందో నాకు తెలీదమ్మా, నువ్వు పాడితే నీ పెదాలు చూసి పాడుకుంటాను' అంది. ఊరికే పెదాలు కదిపాను. 'గొంతు లేకుండా కదిపితే తెలిసిపోతుందమ్మా, పెదాలు అబద్ధం ఆడతాయి' అంది. ఇంకేం చేస్తాను? పాడాను."

"నాకు చెప్పొచ్చు కదే!"

"ఒక్కసారి కళ్లు తెరిచి వెనక బెంచీ వైపు చూసుంటే మీకే తెలిసేది."

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. చెప్పులేసుకుంటూనే, "పద, కాళ్లు పట్టుకునైనా తీసుకొద్దాం" అన్నాడు.

పాస్టరుగారు చెప్పిన గుర్తులు పట్టుకుని ఇద్దరూ ఆ ఇల్లు చేరారు. తలుపు తీసింది చెల్లెలు. గదిలో మంచం మీద బట్టలు మడతపెట్టి ఉన్నాయి.

"అక్కగారిని ఒకసారి పిలుస్తారా అమ్మా? క్షమాపణ అడగాలి" అన్నాడు మాస్టారు.

చెల్లెలు మంచం మీది బట్టల వైపు చూసింది.

"అక్క లేదండీ. ఆ ఆదివారం మీ చర్చి నుంచి వచ్చింది, మంగళవారం గుండెనొప్పి. ఆస్పత్రికి చేరేలోపే పోయింది. మేం వెళ్లేది వేరే చర్చి, దగ్గరని అక్కొక్కతే మీ చర్చికి వచ్చేది. ఇక్కడ ఎవరికి కబురు చెయ్యాలో తెలీలేదు."

మాస్టారి భార్య గడప మీదే కూలబడి ఏడ్చేసింది.

"పాపం, నా పెదాలు చూస్తే గానీ పాడలేకపోయేది. చివరి రోజు కూడా నోరారా పాడనివ్వలేదు మేము."

చెల్లెలు అయోమయంగా చూసింది. "పెదాలా? దేనికి?"

"వినపడదు కదండీ. పాట అందుకోవాలిగా."

"వినపడదు, నిజమే. మాటలకైతే పెదాలు చూసేది. పాటలకెందుకమ్మా? చెవులు పోకముందు మా పుట్టినూరి చర్చిలో పాటలన్నీ నేర్పింది మా అక్కే. పాటల పుస్తకం మొత్తం కంఠతా వచ్చు. ఏ పాటకీ ఇంకొకరి పెదాలు చూడాల్సిన అవసరమే ఆవిడకి లేదు."