గుర్తుపట్టాల్సిన చప్పుడు

చనిపోయిన నా బిడ్డ రూతును ఆళ్లగడ్డలో మట్టి చేసిన నెలకు మళ్లీ నంద్యాల ఆసుపత్రికి పోయాను. డాక్టరు చదువు చదివే అనిత వార్డు బయటే కనబడింది.

రూతు ఉన్నప్పుడు అనిత, ఆమెతో చదివే పిల్లలు రోజూ మంచం చుట్టూ చేరేవాళ్లు. ఆ రోజు ఏమేం నేర్చుకోవాలో రాసిన కాగితం వాళ్ల చేతిలో ఉండేది. రూతుకున్నట్టు గుండెలో రంధ్రముంటే వచ్చే చప్పుడు గుర్తుపట్టాలని అందులో ఉందట. ఒక్కొక్కరే రూతు ఎదమీద గొట్టం పెట్టి వినేవాళ్లు. "చక్కిలిగిలి పెడతాండావక్కా" అని రూతు నవ్వేది.

నన్ను చూసి అనిత తల దించుకుంది. "మేం నేర్చుకునేవాళ్లమే అమ్మా. ఏమీ చేయలేకపోయినాం."

"అది అడిగేదానికి రాలేదు తల్లీ. మీరంతా వింటిరి. కన్నదాన్ని, నేను వినలే. ఎట్లుండె ఆ చప్పుడు?"

అనిత నా అరచేతిని పట్టుకుని వేలితో తడుతూ, నోటితో ఆ చప్పుడు చేసి వినిపించింది.

కొంచెంసేపటికి వేలు ఆగబోయింది.

"ఆపొద్దు తల్లీ" అన్నాను.