పందొమ్మిదేళ్లు లోపల

ఆ ఫొటోగ్రాఫర్ కెమెరా పెట్టె మీద గుర్రం కన్ను పడి నాలుగు రోజులైంది.

గుర్రం అంటే మనిషే. ఊళ్లు తిరిగేవాళ్లు దిగే ఆ చవక హాస్టల్లో, రోజూ పొద్దున్నే హాల్లో చదరంగం బల్ల చుట్టూ చేరే ముగ్గురిలో ఒకడు. ఆటలో గుర్రాల్ని తెగ గెంతిస్తాడని మిగతా ఇద్దరూ ఆ పేరు పెట్టారు. అసలు వృత్తి దొంగతనం. ఆ సంగతి పేరు పెట్టినవాళ్లకి తెలియదు.

అతని పద్ధతి మహా మర్యాదైంది. హాస్టల్లో దిగుతాడు, అక్కడివాళ్లు ఏ ఆట ఆడుతుంటే ఆ ఆటలో చేరతాడు, కావాలని ఓడిపోతాడు. ఓడిపోయేవాణ్ణి ఎవరూ అనుమానించరని అతని సిద్ధాంతం. రెండుసార్లు జైలుకి వెళ్లొచ్చినా ఆ సిద్ధాంతం మీద గౌరవం తగ్గలేదు. కాకపోతే, ఈసారి దొరికితే పదేళ్లకి తక్కువ వెయ్యనని జడ్జిగారు ముందే మాటిచ్చి ఉన్నారు. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని మసులుతున్నాడు.

అతని భయమంతా ఆటలో రెండోవాడైన ఆ ఫొటోగ్రాఫర్‌తోనే. పొట్టి క్రాపు, గుబురు మీసం, ఇస్త్రీ నలగని చొక్కా. పెళ్లి ఫొటోలు తీసుకునేవాడికి అంత బిగువెందుకు? మఫ్టీలో ఉన్న పోలీసేమోనని గుర్రం గుండెల్లో రాయి పడింది.

మూడో మనిషి పెద్దమ్మ. అరవై దాటిన మనిషి, ఒంటరిగా ఊళ్లు చూస్తూ తిరుగుతోంది. హాస్టల్లో అందరూ పెద్దమ్మా అనే పిలుస్తారు. పోయిన బంటు బదులు సీసా మూత పెట్టుకుని ఆడుతూ కూడా ఇద్దర్నీ మట్టికరిపిస్తుంది. ఒకరోజు ఫొటోగ్రాఫర్ స్నానానికి వెళ్లినప్పుడు, ఇంత ఆట ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు గుర్రం.

"జైల్లో," అంది పెద్దమ్మ సీసా మూత ముందుకి జరుపుతూ. "పందొమ్మిదేళ్లు ఉన్నాను నాయనా. బయటికొచ్చి ఆర్నెల్లే అయింది."

రెండు విడతలూ కలిపి మూడేళ్లు ఉన్నందుకే గుర్రం తానేదో పెద్ద సీనియర్నని ఇన్నాళ్లూ మురిసిపోతున్నాడు. ఏ కేసని అడగబోయి, మర్యాద కాదని ఊరుకున్నాడు. ఆవిడే చెప్పుకొచ్చింది. అక్కడ తనతో ఆడేవాళ్లంతా యావజ్జీవం పడ్డవాళ్లేనట. తను వచ్చేసే రోజు వాళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారట.

గుర్రానికి సొంత మనిషి దొరికినట్టయింది. ఎవరికీ చెప్పుకోలేక కడుపుబ్బి ఉన్నాడేమో, మొత్తం కక్కేశాడు. ఏ ఊళ్లో ఏ హాస్టల్, ఏ తాళానికి ఎంత లావు తీగ, పెద్దమ్మ అడిగినవీ చెప్పాడు, అడగనివీ చెప్పాడు. చివరికి కెమెరా పెట్టె దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

"వాడు పోలీసేమోనని నా భయం పెద్దమ్మా."

"పోలీసూ కాదు, పాడూ కాదు. పోలీసుల్ని నేను బాగా ఎరుగుదును," అంది పెద్దమ్మ. "రేపు పొద్దున వాణ్ణి నేను ఆటలో కూచోబెడతాను. నీ పని నువ్వు చూసుకో."

వాటా సంగతి ఎత్తితే, నువ్వు బాగుపడితే అదే చాలు నాయనా అంది. ఇంత పెద్ద మనసు లోపలికి వెళ్లొచ్చినవాళ్లకి తప్ప ఇంకెవరికుంటుందని గుర్రం కళ్లు చెమర్చాయి.

మర్నాడు ఎనిమిదింటికి హాల్లో ఆట మొదలైంది. గుర్రం పడకల గదిలోకి వెళ్లి, ఫొటోగ్రాఫర్ లాకర్‌ని తీగతో తెరిచి, పెట్టెని తువ్వాలుతో చుట్టి, పెరటి గుమ్మంలోంచి బయటపడ్డాడు. ఆరేసిన దుప్పట్ల వెనకనుంచి ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి చెరో రెక్కా పట్టుకున్నారు.

అయితే క్రాపువాడు పోలీసే అన్నమాట అనుకున్నాడు గుర్రం. ఇంతలో ఆ క్రాపువాడే రొప్పుకుంటూ వచ్చి, పెట్టె లాక్కుని, లెన్సులు పగిలాయేమోనని ఏడుపు మొహంతో ఒక్కొక్కటీ తీసి చూసుకోసాగాడు. పోలీసు లక్షణం ఒక్కటీ లేదు. వాడి వెనక పెద్దమ్మ నింపాదిగా నడిచొచ్చింది.

పదేళ్లు కళ్లముందు గిర్రున తిరుగుతున్నా, గుర్రానికి ఆవిడ మీదే బెంగ పట్టుకుంది. వయసు మళ్లిన మనిషి, బయటికొచ్చి ఆర్నెల్లే అయింది. తన మూలాన మళ్లీ లోపలికి పోతే ఆ పాపం తనదే.

"ఆవిడకేం తెలియదు సార్. ఆవిణ్ణి వదిలెయ్యండి," అన్నాడు.

పెద్ద కానిస్టేబుల్ చెయ్యి పైకి లేచింది. చెంప పగిలిందే అనుకుని గుర్రం గట్టిగా కళ్లు మూసుకున్నాడు. దెబ్బ పడలేదు. కళ్లు తెరిచి చూస్తే, ఆ చెయ్యి పెద్దమ్మకి సెల్యూట్ కొడుతోంది.

"నమస్తే జైలర్ మేడమ్, రిటైరైనా మీ జైలుకి మనుషుల్ని పంపడం మానలేదన్నమాట."