బంక ఆరలేదు

"ఇంకా బంక ఆరలేదు బాబూ. రేపు రా."

బూట్లు కుట్టే పెద్దాయన తలెత్తకుండానే చెప్పాడు.

బుజ్జికి అరికాలి మంట నెత్తికెక్కింది. స్టేడియం గేటు పక్కన, ఆ గోనెపట్టా ముందు నిలబడటం వరసగా ఇది మూడో రోజు.

"నిన్నా ఇదే మాట చెప్పావు కదా. నాకింకా ఆరు రోజులే ఉన్నాయి."

"దేనికి?"

"ఫైర్ స్టేషన్ ఉద్యోగానికి పరుగు పరీక్ష. ఈసారి పోతే వయసు కూడా దాటిపోతుంది."

కిందటిసారి మూడు సెకన్ల తేడాతో పోయింది. ఆ మూడు సెకన్ల కోసమే బుజ్జి ఒళ్లు హూనం చేసుకుంటున్నాడు. కోచ్ సార్ వారానికి అయిదు రోజులు, అదీ పొద్దుటిపూట మాత్రమే పరిగెత్తమన్నాడు. వీడు ఆయనకు తెలియకుండా ఏడు రోజులూ, రెండు పూటలా పరిగెత్తాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అని వాడి నమ్మకం.

పెద్దాయన ఎడమ బూటు తిరగేశాడు.

"వీటిని కొని ఎన్నాళ్లయింది?"

"నెలన్నర."

"అయిదు నెలలు తొడిగినట్టు అరిగాయి. అదీ ఎడమదే. కుడిదాని మీద నువ్వసలు బరువు మోపట్లేదు. ఆ కాలు నొప్పా?"

బుజ్జి కుడికాలు వెనక్కి లాక్కున్నాడు. పదిహేను రోజులుగా మోకాలి కింద ఎముక మీద వేలు పెడితే చాలు, ప్రాణం పోతోంది. ఆ సంగతి కోచ్ సార్ చెవిన పడితే పరీక్షకి పంపే జాబితాలోంచి పేరు కొట్టేస్తాడు.

"కుట్టడం నీ పని పెద్దాయనా. కుట్టు."

"అదే చేస్తున్నా. రేపు రా."

బూట్లు లేకపోతే ట్రాక్ మీదికి రానివ్వరు. కొత్తవి కొంటే అవి కాలికి అలవాటయ్యేలోపు పరీక్ష కాస్తా అయిపోతుంది.

నాలుగో రోజు దారం అయిపోయిందన్నాడు. అయిదో రోజు సూది విరిగిందన్నాడు. ఆరో రోజు ఎడమ బూటు ఒక్కటే చేతిలో పెట్టాడు.

"ఒక్కదానితో ఏం చెయ్యను? ఒంటికాలి మీద గెంతనా?"

"రెండోది రేపు."

ఆ మధ్యాహ్నం అక్క కంచం ముందు పెడుతూ అంది.

"తిండి సయించదు, నిద్ర పట్టదు, పలకరిస్తే మీద పడి కరుస్తావు. ఇది ఆరోగ్యం కోసం చేసే పనిలా లేదురా."

"ఉద్యోగం వచ్చాక తింటాలే అక్కా."

"అప్పటికి మనిషంటూ మిగలాలిగా. ఈ నాలుగు రోజులే కాస్త కంటి నిండా పడుకున్నావు. నిన్ను ఎవరు ఆపారో గానీ, వాళ్ల కడుపు చల్లగుండ."

బుజ్జి పళ్లు నూరుకుంటూ చెయ్యి కడుక్కున్నాడు.

ఏడో రోజు వాడు వెళ్లేసరికి పెద్దాయన కుళాయి దగ్గరున్నాడు. బుజ్జి ఆగలేదు. పనిముట్ల పెట్టె మూత ఎత్తాడు.

కుడి బూటు లోపలే ఉంది. కొత్త అట్ట, చుట్టూ గట్టి కుట్టు. బంక ఎండిపోయి రాయిలా ఉంది. అది ఇవాళ్టి పని కాదు, నిన్నటిదీ కాదు.

"నన్ను ముంచాలని చూస్తున్నావా? ఎవడు చెయ్యమన్నాడు నీకీ పని?"

పెద్దాయన తడి చేతులు తుడుచుకున్నాడు.

"ఎవరూ చెప్పలేదు. తీసుకెళ్లు. ఈ రెండు రోజులూ నడు, చాలు. పరుగుని పరీక్షకి దాచుకో."

కోచ్ సార్ వారం నుంచీ ఊళ్లో లేడు. బుజ్జి తిన్నగా స్టేడియం మేనేజరు గదిలోకి వెళ్లాడు.

"బూట్లు దాచిపెట్టి ఆడుకుంటున్నాడు సార్. ఇంకెంతమంది కొంప ముంచుతాడో."

సాయంత్రానికి గేటు పక్కన గోనెపట్టా లేదు. పెద్దాయన పెట్టె భుజానికెత్తుకుని వెళ్లిపోవడం బుజ్జి చూశాడు. పీడ విరగడైందనుకుని ట్రాక్ మీదికి దిగాడు. రెండు రౌండ్లు కొట్టాడు. కాళ్లు ఎన్నడూ లేనంత తేలిగ్గా ఉన్నాయి. ఇన్నాళ్ల కష్టం ఇప్పటికి ఫలించిందనుకున్నాడు.

పరీక్షలో గడువుకి ఎనిమిది సెకన్ల ముందే గీత దాటాడు.

దాటి, పక్కనే కూలబడ్డాడు. కుడికాలు నేలకి ఆనడం లేదు. అప్పుడే ఊరినుంచి వచ్చిన కోచ్ సార్, వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తాడు.

డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పట్టి చూసింది.

"ఎముకలో వెంట్రుకంత చీలిక. కొత్తది కాదు, అతి పరుగు వల్ల వచ్చింది. మధ్యలో ఎప్పుడో కొన్నాళ్లు విశ్రాంతి దొరికింది కాబట్టి ఈపాటితో సరిపోయింది. లేకపోతే పరుగు మధ్యలోనే రెండు ముక్కలయ్యేది."

"ఉద్యోగం మాట? చేరడానికి ఇంకా మూడు నెలల టైముంది," కోచ్ సార్ అడిగాడు.

"ఇంకేం, రెండు నెలలు కుదురుగా కూర్చుంటే ఏం ఢోకా లేదు."

ఆమె వెళ్లాక కోచ్ సార్ వాడి వైపు తిరిగాడు.

"నేను మొత్తుకున్నా వినని వెధవవి. విశ్రాంతి ఎలా తీసుకున్నావురా?"

బుజ్జి బూట్ల సంగతి చెప్పాడు, మేనేజరుకి తను చేసిన ఫిర్యాదు కూడా చెప్పాడు.

"గేటు దగ్గర్నుంచి పంపించేశారా? ఆయన్నా?"

"నేనే సార్. నేనే పంపించేయించాను."

"ఎటు వెళ్లాడు?"

"తెలీదు సార్. వెళ్లి కాళ్లమీద పడతాను. ఇల్లెక్కడో చెప్పండి."

"ఎవరికి తెలుసురా? పదిహేడేళ్లుగా ఆ గేటే ఆయన చిరునామా."

కోచ్ సార్ వంగి, తన ప్యాంటు కుడికాలు పైకి మడిచాడు. మోకాలి నుంచి చీలమండ దాకా ఎప్పటిదో ఆపరేషన్ మచ్చ.

"నీ వయసులో, నొప్పిగా ఉంది సార్ ఇవాళ్టికి ఆగుతానన్నాను," అన్నాడు, "వినకుండా ఇంకో రౌండు కొట్టమని విజిల్ ఊదిన నా కోచ్ ఆయనే, కాలు విరిగిన మర్నాడు ఆ విజిల్ నా మంచం మీద పెట్టేసి, పోయి గేటు పక్కన కూర్చుని వచ్చేపోయే వాళ్ల బూట్లు తిరగేసి చూడటం మొదలుపెట్టాడు."